ఆలయము లేని ప్రజల ఆరాధన



యూదులు అనగానే మనలో చాలమందికి బైబిలు పుటలలోని మనుష్యులే జ్ఞాపకము వచ్చుదురు. అబ్రాహాము, మోషే, దావీదు, ప్రవక్తలు, పిమ్మట శాస్త్రులు, పరిసయ్యులు, పిలాతు ఎదుట కేకలువేసిన జనసమూహము. అంతటితో వారి కథ ముగిసినదని అనుకొందుము. అపొస్తలుల కార్యముల గ్రంథము మూయగానే మన మనస్సులో వారును మూతపడుదురు.

అయితే వారు ముగిసిపోలేదు. నేడు లోకమందు సుమారు కోటిన్నర మంది యూదులున్నారు. వారిలో ఎక్కువమంది ఇశ్రాయేలు దేశములోను, అమెరికాలోను కాపురమున్నారు. వారిలో సేద్యగాండ్రున్నారు, వైద్యులున్నారు, బస్సులు నడుపువారున్నారు, అంగళ్లు పెట్టుకొనినవారున్నారు. భక్తి గలవారును భక్తి లేనివారును ఉన్నారు. ఈ విషయములో వారికిని మనకును భేదము లేదు.

ఈ వ్యాసములో నేను మీ ముందు ఉంచగోరునది ఒక్కటే ప్రశ్న. వారి ఆలయము కాలిపోయి 1,950 సంవత్సరములు దాటినది. బలిపీఠము లేదు. ప్రధానయాజకుడు లేడు. అనేక శతాబ్దములు స్వదేశమును లేదు. అట్టి ప్రజల భక్తి ఏ గూటిలో దాగి బ్రదికినది? ఈ ప్రశ్నకు జవాబు తెలిసికొనుట చరిత్ర కొరకు మాత్రమే కాదు. నెలకొకమారు మాత్రమే పాదిరి వచ్చు పల్లెలలో నున్న మనకు అది మిక్కిలి అక్కరకు వచ్చును.

ఆలయము కాలిన దినము

మన ప్రభువు కాలములో యూదుల ఆరాధనకు యెరూషలేము ఆలయమే నడిబొడ్డు. ప్రతి ఉదయమున, ప్రతి సాయంకాలమున అక్కడ గొఱ్ఱెపిల్లను అర్పించుచుండిరి. పస్కా, వారముల పండుగ, పర్ణశాలల పండుగలకు దూరదేశములనుండి జనులు నడిచి వచ్చుచుండిరి. ఆ స్థలమున తప్ప మరి ఎక్కడను బలి అర్పింపరాదని ధర్మశాస్త్రము కట్టడి చేసినది.

క్రీస్తు శకము 66వ సంవత్సరమున యూదులు రోమీయులమీద తిరుగబడిరి. 70వ సంవత్సరమున టైటస్ అను రోమా సేనాపతి యెరూషలేమును ముట్టడించి పట్టుకొనెను. ఆలయము అగ్నికి ఆహుతి అయ్యెను. ఆ యుద్ధమును కన్నులార చూచిన జోసీఫస్ అను యూదుడు దాని చరిత్రను వ్రాసిపెట్టెను. ఆలయపు బంగారు దీపస్తంభమును రోమా సైనికులు మోసికొనిపోవుచున్న చిత్రము రోము నగరములోని టైటస్ విజయతోరణముమీద రాతిలో చెక్కబడి నేటికిని కనబడుచున్నది. ఆలయపు గుట్టను నిలబెట్టిన గోడలలో పడమటి గోడ యొక్క భాగమొకటి మిగిలినది. దానియొద్ద యూదులు నేటికిని ప్రార్థించుచున్నారు.

ఆ దినమున వారికి కలిగిన కలవరమును ఆలోచించుడి. బలి లేనియెడల పాపక్షమాపణ ఏలాగు? యాజకుడు లేనియెడల దేవునియొద్దకు వెళ్లు త్రోవ ఏది? ఆలయమునే నమ్ముకొనిన సద్దూకయ్యులు కొంతకాలములోనే కనుమరుగైపోయిరి.

అప్పుడు యోహానాను బెన్ జక్కయి అను బోధకుడు లేచెను. పట్టణము ముట్టడిలో నుండగా శిష్యులు ఆయనను శవపేటికలో పరుండబెట్టి బయటికి మోసికొనిపోయిరని యూదుల సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన సముద్రతీరమునకు దగ్గరనున్న యబ్నె అను ఊరిలో బోధకులను కూర్చి పాఠశాల నడిపెను. మరియొక సంప్రదాయము కలదు. ఒక దినమున శిష్యుడొకడు పాడైపోయిన ఆలయమును చూచి, మన పాపములకు ప్రాయశ్చిత్తము జరుగు స్థలము పోయెనే అని ఏడ్చెను. అందుకు గురువు హోషేయ ప్రవక్త మాటను జ్ఞాపకము చేసి, దానితో సమానమైన ప్రాయశ్చిత్తము ఇంకొకటి మనకు మిగిలియున్నది, అదేమనగా కనికరపు క్రియలు అని ఓదార్చెను. హోషేయ ప్రవక్త చెప్పిన ఆ మాటనే మన ప్రభువు రెండుమారులు పరిసయ్యులకు జ్ఞాపకము చేసెనని మత్తయి సువార్త చదివినవారు ఎరుగుదురు.

ఆ విధముగా బలులకు బదులు ప్రార్థనలు నిలిచెను. ఉదయపు ప్రార్థన, మధ్యాహ్నపు ప్రార్థన, రాత్రి ప్రార్థన అని దినమునకు మూడుమారులు ప్రార్థించు నియమము స్థిరపడెను. పెద్దలు నోటితో చెప్పుచు వచ్చిన నియమములు సుమారు 200వ సంవత్సరమున మిష్నా అను గ్రంథముగా కూర్చబడెను. తరువాతి శతాబ్దములలో బబులోను దేశపు బోధకుల చర్చలు తల్మూదు అను మహాగ్రంథమాయెను. సమాజమందిరములలో ధర్మశాస్త్రపు చుట్టను వారమునకొక భాగము చొప్పున చదివి సంవత్సరములో ముగించి, ముగించిన దినముననే ఆదికాండము మొదటినుండి మరల మొదలుపెట్టుదురు. ఆ దినమున ఆ చుట్టలను ఎత్తుకొని ఆనందముతో నాట్యమాడుదురు.

ఇక్కడ ఒక మాట. మన ప్రసంగములలో పరిసయ్యుడు అనగా వేషధారి అని ఊరకే వాడుచుందుము. కాని యెరూషలేము కూలిన తరువాత లేఖనములను ప్రాణముగా కాపాడిన బోధకులు ఆ పరిసయ్యుల త్రోవలో నడచినవారే. పౌలు గురువైన గమలీయేలు పరిసయ్యుడే. ఒక జనమంతటిని ఒక తిట్టుమాటగా మార్చుట న్యాయము కాదు.

భోజనపు బల్లయే బలిపీఠము

ఆలయమునుండి ఆరాధన సమాజమందిరమునకు వెళ్లినది నిజమే. అయితే అంతకంటె లోతుగా అది ఇంటిలోనికి వెళ్లినది. ఆలయమున్న కాలములో బలిపీఠము ప్రాయశ్చిత్తము చేసెను, ఇప్పుడు మనుష్యుని భోజనపు బల్ల ఆ పని చేయుచున్నదని తల్మూదు బోధకులు నేర్పిరి. బలులకు ఉప్పు చేర్చవలెనని లేవీయకాండము ఆజ్ఞాపించినది గదా. అందుచేత నేటికిని యూదుడు రొట్టె విరుచునప్పుడు దానిని ఉప్పులో అద్దుకొనును. బల్ల చిన్నదైనను, రొట్టె ఎండినదైనను, అది బలిపీఠమే.

శుక్రవారము సాయంకాలమున భక్తిగల యూదుని ఇంటిలో జరుగునది చూడుడి. ఉదయమునుండి ఇల్లు ఊడ్చుట, వంట చేయుట, బట్టలు సిద్ధపరచుట ముగియును. సూర్యుడు అస్తమించుటకు ఇంచుమించు 18 నిమిషములు ముందుగా ఇంటి ఇల్లాలు దీపములు వెలిగించును. చేతులతో కన్నులు మూసికొని స్తోత్రము చెప్పును. ఆ క్షణమునుండి ఆ ఇంటిలో విశ్రాంతి దినము ప్రవేశించును. గమనించుడి, దానిని తెరచినది యాజకుడు కాడు. తల్లి!

తరువాత తండ్రి పిల్లల తలలమీద చేతులుంచును. కుమారులను ఎఫ్రాయిము మనష్షేల వలె ఉండుమనియు, కుమార్తెలను శారా, రిబ్కా, రాహేలు, లేయాల వలె ఉండుమనియు దీవించి, అహరోను పలికిన ఆశీర్వాదమును చెప్పును. ఆదివారము ఆరాధన ముగింపున మన పాదిరులు చేతులెత్తి పలుకు ఆశీర్వాదము అదే. మనము గుడిలో వినుచున్నది వారు ప్రతివారము తమ ఇంటిలో తండ్రి నోట వినుచున్నారు. సామెతల గ్రంథము చివరనున్న గుణవతియైన భార్య పద్యములను ఇంటివారు పాడుదురు. భార్యను బల్లయొద్ద అందరి ఎదుట మెచ్చుకొనుట వారి ఆరాధనలో ఒక భాగము.

బల్లమీద బట్టక్రింద రెండు రొట్టెలుండును. అరణ్యములో ఆరవ దినమున మన్నా రెండంతలుగా కురిసినదానికి అవి గురుతు. ద్రాక్షారసపు గిన్నె ఎత్తి దినమును ప్రతిష్ఠించి, చేతులు కడుగుకొని, రొట్టె విరిచి, పాటలు పాడుచు నెమ్మదిగా భుజింతురు. శనివారము రాత్రి ఆకాశమున మూడు నక్షత్రములు కనబడిన తరువాత అల్లిన క్రొవ్వొత్తి వెలిగించి, సుగంధద్రవ్యముల వాసన చూచి, ఆ దినమును సాగనంపుదురు.

ఈ దినమున చేయకూడని పనులు 39 విధములని మిష్నా లెక్కించినది. దున్నుట, విత్తుట, కోయుట, నేయుట, కుట్టుట, నిప్పు రాజబెట్టుట మొదలైనవి. ప్రత్యక్షపు గుడారమును కట్టుటకు అక్కరయైన పనులనుండి ఆ లెక్క తీసిరి. దేవుని గుడారము కట్టుటకే విరామమున్నప్పుడు మన ఇల్లు కట్టుకొనుటకు విరామముండదా అని దాని భావము. నియమనిష్ఠ గల యూదులు నేడు ఆ దినమున కారు నడపరు, విద్యుద్దీపపు మీట నొక్కరు, డబ్బు ముట్టరు, చేతిఫోను పట్టరు. మందిరమునకు నడిచి వెళ్లుదురు. వంట ముందుగానే చేసి వెచ్చగా ఉంచుకొందురు.

ఇది కేవలము బరువని మనము త్వరపడి తీర్పు తీర్చరాదు. ప్రాణము కాపాడవలసివచ్చినప్పుడు ఈ నియమములన్నియు ప్రక్కకు తొలగవలెనని వారి శాస్త్రమే చెప్పుచున్నది. రోగిని శనివారమున వాహనములో వైద్యశాలకు తీసికొనిపోవుట పాపము కాదు, తీసికొనిపోకపోవుటయే తప్పు. యూదులందరును ఒక్క తీరున నడుచుకొనరు. 19వ శతాబ్దమున జర్మనీ దేశములో పుట్టిన సంస్కరణ వర్గమువారు అనేక కట్టడులను సడలించిరి. వారి మందిరములలో స్త్రీలును బోధకులుగా నున్నారు. మధ్యేమార్గమువారు కొందరు. ఏ కట్టడియు పాటింపని వారును చాలమందియే. అయినను మిగిలినవన్నియు విడిచిన ఇండ్లలో కూడ తరచుగా శుక్రవారపు దీపము మిగులుచున్నది.

బిడ్డ అడుగు ప్రశ్న

పస్కా రాత్రి కూడ ఇంటి పండుగయే. ఆలయము లేదు గనుక పస్కా గొఱ్ఱెపిల్లను వధింపరు. దానికి గురుతుగా కాల్చిన ఎముక ఒకటి పళ్లెములో నుంచుదురు. పులియని రొట్టెలు, చేదు కూరలు, కన్నీటికి గురుతుగా ఉప్పునీరు, ఐగుప్తులో త్రొక్కిన జిగటమంటికి గురుతుగా పండ్లును పప్పులును నూరిన ముద్ద బల్లమీద నుండును.

ఆ రాత్రి కథను మొదలుపెట్టించునది పెద్దవాడు కాడు. ఇంటిలో అందరికంటె చిన్నబిడ్డ లేచి, ఈ రాత్రి మిగిలిన రాత్రులవంటిది ఎందుకు కాదని అడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబుగా దాస్యవిమోచన కథయంతయు చెప్పుదురు. ఏదో పురాతన కాలములో పితరులు విడిపింపబడిరని కాదు, ఐగుప్తునుండి నేనే బయటికి వచ్చితినని ప్రతివాడును ఎంచుకొనవలెనని వారి నియమము. ప్రశ్న అడుగు బిడ్డ లేనియెడల భార్య అడుగును. ఒంటరివాడైతే తన్ను తానే అడుగుకొనవలెను.

బిడ్డ ప్రశ్న అడుగుటను అల్లరిగా ఎంచక ఆరాధనగా ఎంచిన ప్రజ అది. మన ఇండ్లలో బిడ్డ ఏదైన అడిగినయెడల, నోరు మూసికొని ప్రార్థన చేయుమని గదా చెప్పుచున్నాము?

శనివారపు గానుగవారు

ఇంటి భక్తికెంత బలమున్నదో చూపు కథ మన దేశములోనే ఉన్నది. బొంబాయికి దక్షిణమున కొంకణ తీరములో బెనె ఇశ్రాయేలు అను యూదులు అనేక శతాబ్దములు పల్లెలలో కాపురముండిరి. పూర్వము ఓడ బ్రద్దలై ఏడుగురు పురుషులును ఏడుగురు స్త్రీలును ఒడ్డు చేరిరనియు, వారి సంతానమే తామనియు వారు చెప్పుకొందురు. గ్రంథములు నీళ్లపాలైనవి. హెబ్రీ భాష మరచిపోయిరి. మరాఠీ మాటలాడుచు, గానుగలు త్రిప్పి నూనె తీయుచు, ఇరుగుపొరుగు వారివలె బట్టలు కట్టుకొని బ్రదికిరి. వారికి బోధకుడు లేడు, సమాజమందిరము లేదు, చదువుకొనుటకు పుస్తకము లేదు.

వారికి మిగిలినవి ఎన్ని? ఎనిమిదవ దినపు సున్నతి, భోజన నియమములు, కొన్ని పండుగలు, దేవుడొక్కడే అని సాక్ష్యమిచ్చు ఒక్క హెబ్రీ ప్రార్థన, శనివారపు విరామము. ఊరిలోని గానుగలన్నియు తిరుగుచుండగా వారి గానుగ మాత్రము శనివారమున ఆగిపోవుచుండెను. అందుచేత పొరుగువారు వారికి శనివార్ తేలీ, అనగా శనివారపు గానుగవారు అని పేరుపెట్టిరి. వారు యూదులని ఎరుగని ఊరు వారిని వారి విశ్రాంతినిబట్టి గురుతుపట్టినది!

దావీదు రహబి అను యూదుడు వారిని కనుగొనెనని వారి సంప్రదాయము. ఆయన పరీక్షించుటకు కొన్ని చేపలను స్త్రీల కిచ్చి వండుమనగా, వారు రెక్కలును పొలుసులును లేనివాటిని ప్రక్కకు తీసివేసి, ఇవి మేము తినము అనిరట. లేవీయకాండము చదివినవారెవరును ఆ ఇంటిలో లేరు. వంటయింటిలో తల్లి కుమార్తెకు చేతితో చూపించినదే వారి లేవీయకాండము.

1796లో బొంబాయిలో వారి మొదటి సమాజమందిరము కట్టబడెను. తరువాత స్కాట్లండు మిషనరీయైన జాన్ విల్సన్ గారు వారికొరకు 1832లో మరాఠీ భాషలో హెబ్రీ వ్యాకరణము అచ్చువేయించిరి. మిషను బడులలో వారి పిల్లలు చదువుకొనిరి. వారిలో క్రైస్తవులైనవారు బహు కొద్దిమంది. తమ లేఖనములను తాము చదువుకొని వారు మరింత గట్టి యూదులైరి. 1948లో ఇశ్రాయేలు రాజ్యము ఏర్పడిన తరువాత చాలమంది అక్కడికి వెళ్లిపోయిరి. కొద్ది వేలమంది ఇంకను మన దేశములో నున్నారు.

క్రైస్తవుల పేరుమీద జరిగినది

చదువరులారా, ఇంతవరకు చెప్పి ఊరకుండుట సత్యము కాదు. ఈ ప్రజలను ఎక్కువగా బాధించినది అన్యులు కారు. క్రీస్తు పేరు పెట్టుకొనినవారే.

1096లో సిలువయుద్ధమునకు బయలుదేరిన గుంపులు రైను నదీతీరపు పట్టణములలో యూదులను ఊచకోత కోసిరి. 1290లో ఇంగ్లాండు రాజు వారిని దేశమునుండి వెళ్లగొట్టెను. 1492లో స్పెయిను వెళ్లగొట్టెను. 1497లో పోర్చుగలు వారికి బలవంతముగా బాప్తిస్మమిచ్చెను. ఆ బాప్తిస్మము పొందినవారిలో ఎవరైన ఇంటిలో రహస్యముగా దీపము వెలిగించుచున్నారా అని విచారణ సభలు వెదకెను. మన దేశములో గోవా పట్టణమున అట్టి సభ 1560లో స్థాపింపబడెను. మన దేశపు మందుమొక్కలను గూర్చి 1563లో గొప్ప గ్రంథము వ్రాసిన వైద్యుడు గార్సియా ద ఓర్తా అట్టి కుటుంబమువాడు. ఆయన చనిపోయిన మరుసటి ఏడు, 1569లో, ఆయన సహోదరిని యూదు ఆచారములు పాటించినదని గోవాలో సజీవముగా కాల్చిరి. 1580లో ఆయన ఎముకలను సమాధినుండి త్రవ్వితీసి వాటినిగూడ కాల్చిరి.

అయినను పోర్చుగలులోని బెల్మొంతె అను కొండ ఊరిలో కొన్ని కుటుంబములు నాలుగు వందల యేండ్లు రహస్యముగా తమ ప్రార్థనలను నిలుపుకొనెను. వారు 20వ శతాబ్దపు ఆరంభమున లోకమునకు తెలియవచ్చిరి. ఆ ప్రార్థనలను కంఠస్థము చేసి అప్పగించుచు వచ్చినవారు అవ్వలు.

సంస్కర్తయైన మార్టిన్ లూథరు కూడ 1543లో యూదుల మందిరములను కాల్చవలెనని వ్రాసెను. నాలుగు శతాబ్దముల తరువాత జర్మనీని ఏలిన నాజీలు అరవై లక్షలమంది యూదులను చంపిరి. నాజీల ద్వేషమునకు వేరే కారణములును కలవు. అయినను ఆ నేలను అంతకు ముందే దున్ని సిద్ధపరచినది సంఘముల బోధయని ఒప్పుకొనక తప్పదు. 1965లో రోమను కథోలిక సంఘపు మహాసభ క్రీస్తు మరణదోషమును యూదులందరిమీద మోపరాదని ప్రకటించెను. 1994లో అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ సంఘము లూథరు వ్రాసిన ఆ మాటలను బహిరంగముగా త్రోసిపుచ్చెను. మన ప్రభువు యూదురాలి గర్భమున పుట్టి, శనివారమున సమాజమందిరమునకు వెళ్లుట వాడుకగా గలవాడని మరచినందుననే గదా ఇంత జరిగినది!

మనము నేర్చుకొనవలసినది

నేడు మన తెలుగు సంఘములలో కొందరు యూదుల ఆచారములను చూచి ముచ్చటపడి, పొట్టేలు కొమ్ము బూర ఊదుట, వారి శాలువ కప్పుకొనుట మొదలుపెట్టుచున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములోని బెనె ఎఫ్రాయిము అనువారి సంగతి వేరు. వారిలో అనేకులు మునుపు సంఘములలో నుండిన కుటుంబములవారు. తాము ఎఫ్రాయిము గోత్రమువారమని చెప్పుకొని 1980ల చివరనుండి యూదులుగానే జీవించుచు, శనివారమును ఆచరించుచున్నారు. వారు తమ త్రోవ ఏదో ఎంచుకొని దాని వెల చెల్లించుచున్నారు. అది గౌరవింపదగినది. కాని ఆ త్రోవలో నడువక వారి వస్త్రమును మాత్రము అరువు తెచ్చుకొనుట పొరుగువాని ఇంటి పెండ్లి బట్టలు కట్టుకొని ఊరేగుట వంటిది.

వారియొద్ద మనము నేర్చుకొనవలసినది బూర కాదు, బల్ల. మన పల్లెలను చూడుడి. ఒక్క పాదిరి అనేక గ్రామములను చూచుకొనవలెను. పనులకొరకు కుటుంబములు హైదరాబాదుకు, గల్ఫు దేశములకు పోవుచున్నవి. కొడుకు ఒకచోట, కోడలు ఒకచోట, మనుమలు అవ్వ చేతిలో. గుడి కప్పు కారినయెడల చందా పట్టి బాగుచేయుచున్నాము, మంచిదే. గుడి తలుపు తెరచువాడు లేని ఆదివారమున మన భక్తి ఎక్కడ నుండును?

వారమునకొక సాయంకాలమును ఏర్పరచుకొనుడి. అది ఏ దినమైనను సరే. ఆ పూట టెలివిజనును, చేతిఫోనును ఆపివేయుడి. ఉన్న అన్నమే, ఉన్న పచ్చడే అందరు కలిసి కూర్చుండి తినుడి. తల్లి ప్రార్థన మొదలుపెట్టనీయుడి. తండ్రి పిల్లల తలలమీద చెయ్యి ఉంచి, పేరుపెట్టి దీవించనీయుడి. తండ్రి దూరదేశములో నున్నయెడల ఆ చెయ్యి అవ్వది కావచ్చును. చిన్నబిడ్డను ఒక ప్రశ్న అడుగనిచ్చి, విసుగుకొనక జవాబు చెప్పుడి. మీ తాతలు ఏ స్థితినుండి ఎట్లు బయటికి వచ్చిరో ఆ బిడ్డకు తెలియజేయుడి. ఆ రాత్రి కూలివానికి బాకీయున్న కూలి ఇచ్చివేయుడి, ఆకలిగొన్న ఇంటికి ఒక గిన్నె పంపుడి. కనికరపు క్రియలు బలివంటివని యోహానాను బెన్ జక్కయి నేర్పినది మన ప్రభువునకును ఇష్టమైన మాటయే.

కొంకణ తీరపు గానుగవారికి పుస్తకము లేకపోయినను వారి విశ్రాంతిని ఊరంతయు ఎరిగియుండెను. మనకు మాతృభాషలో బైబిలు ఉన్నది, పాటల పుస్తకమున్నది, గుడియున్నది. మనలను మన ఊరు దేనినిబట్టి గురుతుపట్టుచున్నదో ఈ వారము మీ ఇంటి బల్లయొద్ద కూర్చుండి ఆలోచించుడి.